కత్తిరించిన పన్నెండు సెకన్లు

నోరీన్ లిండ్‌హోమ్ ఆ సినిమాను తక్కువలో తక్కువ ముప్పైసార్లు చూసి ఉంటుంది. ఒక్కసారి కూడా పూర్తిగా చూడలేదు.

అది ఏడు నిమిషాల బొమ్మల సినిమా. లండన్ పొగమంచులో ఓ పెద్దమనిషి డాక్టరు ఏదో మందు కలుపుకుని తాగి రాక్షసుడైపోయే పాత భయం కథ ఒకటుంది కదా, దాన్ని పట్టుకుని వెక్కిరించారు. ఇందులో డాక్టరు ఒక ఉడత. పేరు డాక్టర్ వాల్‌నట్. చీమ ఎదురొచ్చినా టోపీ తీసి పక్కకు తప్పుకునే రకం. అతను అద్దెకుండే ఇంటావిడ ఒక కోడి. మెట్ల మీద బురద కాళ్ళు పెట్టావేమని రోజూ అతన్ని ఉతికి ఆరేస్తుంది. ఆవిణ్ణి ఒక్కసారైనా హడలగొట్టాలని డాక్టరు మందు తాగుతాడు, కొండంత రాక్షసుడవుతాడు, గర్జిస్తూ మెట్లు దిగుతాడు. కోడి తలెత్తి చూసి, "ఆ కాళ్ళేంటి? తుడుచుకుని రా!" అంటుంది. అంత రాక్షసుడూ తోక ముడిచి గుమ్మం దగ్గరికెళ్ళి కాళ్ళు తుడుచుకుని వస్తాడు. ఎన్నిసార్లు చూసినా నవ్వు ఆగని చోటు అది. నోరీన్ కూడా నవ్వేది. కానీ ఆమె ఆ సినిమా చూసేది ఆ నవ్వు కోసం కాదు.

డాక్టరు మందు గ్లాసును పెదవుల దాకా ఎత్తుతాడు. టీవీలో సరిగ్గా అక్కడ చటుక్కున ఒక గెంతు. మరుక్షణం రాక్షసుడు నిలబడి ఉంటాడు. మందు గొంతు దిగడం, ఉడత మొహం మారిపోవడం, ఆ పన్నెండు సెకన్లూ లేవు. అవి గీసింది నోరీన్ నాన్న ఆర్విడ్.

ఆర్విడ్ పోయేనాటికి నోరీన్‌కు మూడేళ్ళు. 1948 చలికాలం ముందు, స్టూడియో నుంచి ఇంటికొస్తూ వానలో కొండదారి మలుపు దగ్గర కారు జారింది. సినిమా ఇంకా హాళ్ళకు కూడా రాలేదు. ఇంట్లో అతని ఫోటోలు నాలుగే నాలుగు ఉన్నాయి. సైన్యం ఫోటోలో బిగుసుకుని ఉన్నాడు. పెళ్ళి ఫోటోలో కళ్ళు మూశాడు. స్టూడియో గేటు ముందు తీసిన గుంపు ఫోటోలో బఠాణీ గింజంత ఉన్నాడు. చంటిబిడ్డ నోరీన్‌ను ఎత్తుకున్న ఫోటోలో టోపీ అడ్డం వచ్చి గడ్డమొక్కటే కనిపిస్తుంది. నవ్వితే ఎలా ఉండేవాడు, కోపం వస్తే కనుబొమ ఎటు పోయేది, ఇవేవీ ఆ నాలుగింటిలో లేవు. కదిలే నాన్నను ఆమె ఎప్పుడూ చూడలేదు.

అయితే తల్లి వెర్నా చిన్నప్పటి నుంచి ఒక మాట చెప్పేది. "మీ నాన్న ఎలా ఉండేవాడని నన్నడక్కు. నాకు చెప్పడం చేతకాదు. ఆ ఉడత మందు తాగే పన్నెండు సెకన్లూ చూసుకో. తన మొహమే దించి ఉంటాడు."

ఈ మాట ఊరికే అన్నది కాదు. ఆ రోజుల్లో లాస్ ఏంజెలెస్‌లో ఏ కార్టూన్ స్టూడియోలోకి తొంగి చూసినా, టైలు కట్టుకున్న పెద్ద పెద్ద మగవాళ్ళు బల్లల ముందు కూర్చుని కోతివేషాలు వేస్తూ కనిపించేవారు. ప్రతి బల్ల మీదా ఒక చిన్న అద్దం ఉండేది. కుక్క ఏడవాలంటే తాము ఏడుపు మొహం పెట్టేవారు, పిల్లి గుడ్లురమాలంటే తాము ఉరిమేవారు, అద్దంలో చూసుకుని అదే గీసేవారు. అందుకే ఏ జంతువును చూసినా, గీసినవాడి భార్యాపిల్లలకు అందులో తమ మనిషి కనిపించేవాడు. అది అందరికీ తెలిసిన సంగతి. వెర్నాకూ తెలుసు. ఇంతా చేసి ఆమె ఆ సినిమా చూడనే లేదు. స్టూడియోవాళ్ళు మొగుణ్ణి అరగదీసి, అలసిపోయినవాణ్ణి వానలో ఇంటికి పంపారని ఆమె కోపం. శవపేటిక మీద పూలు పెట్టడానికి వచ్చినవాళ్ళకు తలుపు తియ్యలేదు. ఆ కోపం ఇరవై నాలుగేళ్ళయినా చెక్కు చెదరలేదు.

నోరీన్ తొమ్మిదో ఏట మొదటిసారి ఆ సినిమా టీవీలో వస్తుందని తెలిసి, తల దువ్వుకుని, మంచి గౌను వేసుకుని కూర్చుంది. గ్లాసు పెదవి దాకా వచ్చింది, గెంతింది, అంతే. ఆ పిల్ల టీవీవాళ్ళకు ఉత్తరం రాసింది. రెండు వాక్యాల జవాబొచ్చింది. బొమ్మను చూసి పిల్లలు అలమారల్లోని సీసాలు తాగుతారేమోనని తల్లులు ఫిర్యాదు చేశారట, అందుకని ఆ ముక్క తీసేశారట. ఎవరి తల్లులో, ఏ అలమారలో! మందు తాగే ముక్క తీసేసి, రాక్షసుడు గోడ బద్దలు కొట్టే ముక్క మాత్రం ఉంచారు. గోడలు బద్దలు కొట్టడం నేర్చుకుంటే పరవాలేదు కాబోలు.

అప్పటి నుంచీ ఆ సినిమా ఎక్కడ వేసినా నోరీన్ వెళ్ళేది. చర్చి హాల్లో వేసినా, ఎవరి పిల్లల పుట్టినరోజుకో వేసినా వెళ్ళేది. టెలిఫోన్ ఎక్స్‌ఛేంజ్‌లో ఉద్యోగం చేసే ఇరవై ఏడేళ్ళ మనిషి ఉడత సినిమా కోసం సెలవు పెడుతుంటే తోటివాళ్ళు నవ్వుకునేవారు. ప్రతిచోటా అదే గెంతు. స్టూడియో మూతపడి పదేళ్ళయింది. అసలు ఫిల్ము ఎక్కడుందో చెప్పే నాథుడు లేడు.

1972 ఆగస్టులో బర్బ్యాంక్ లైబ్రరీ గోడ మీద ఒక కాగితం కనిపించింది. శనివారం ఉదయం పదింటికి పిల్లలకు పాత కార్టూన్లు. వేసేది పూర్వం స్టూడియోలో పనిచేసిన గస్ పెట్రాకిస్. జాబితాలో మూడోది డాక్టర్ వాల్‌నట్. స్టూడియో మనిషి దగ్గరున్న ఫిల్ములోనైనా ఆ ముక్క ఉండకపోతుందా అనుకుంది నోరీన్.

ఆమె కారు షెడ్డులో ఉంది. వెర్నా కారులో దిగబెట్టింది. లైబ్రరీ ముందు ఆపి, ఇంజను కట్టేసి, స్టీరింగు వదలకుండా కూర్చుంది.

"నువ్వూ రామ్మా. లోపల చల్లగా ఉంటుంది," అంది నోరీన్.

"నాకిక్కడే చల్లగా ఉంది."

"ఎక్కడ? సీటు మీద గుడ్డు పగలగొడితే అట్టవుతుంది."

"అవనీ. ఇన్నేళ్ళు చూడలేదు, ఇవాళ చూడకపోతే కొంపేం మునగదు. నువ్వెళ్ళు, చూడు, రా. వచ్చాక నాకేం చెప్పకు." రెండడుగులు వేశాక వెనక నుంచి మళ్ళీ పిలిచింది. "ఇదుగో, ఈ చేతిరుమాలు పట్టుకెళ్ళు. నీ బ్యాగులో ఎప్పుడూ ఉండి చావదు."

లోపల నలభై మంది పిల్లలు నేల మీద కూర్చుని ఉన్నారు. ప్రొజెక్టరు వెనక ఒక లావుపాటి ముసలాయన, చొక్కా చేతులు మడిచి, పిల్లల మీద ఉత్తుత్తి కోపం చేస్తున్నాడు. మొదటి రెండు సినిమాలూ అయ్యాయి. మూడోది మొదలైంది. ఇన్నాళ్ళూ బూడిద రంగులో తప్ప చూడని ఉడత, తెర మీద ఎర్రగా, ఊదారంగు కోటులో మెరిసిపోతోంది. నోరీన్ గోడకు ఆనుకుని నిలబడి, చేతిరుమాలు నలుపుతూ చూసింది. డాక్టరు సీసాలు కలిపాడు. గ్లాసు ఎత్తాడు. పెదవి దాకా వచ్చింది.

గెంతింది. రాక్షసుడు నిలబడ్డాడు.

"ఆపండి!" అనేసింది నోరీన్. తన గొంతు తనకే వినిపించింది.

"కూర్చోండాంటీ! కనబడట్లేదు!" అని పిల్లలు గోలపెట్టారు.

ముసలాయన ప్రొజెక్టరు ఆపకుండానే తొంగి చూశాడు. "ఎవరమ్మా అది? ఇంత వయసొచ్చి రాక్షసుడికి జడుసుకున్నావా?"

"జడుసుకోలేదు. మధ్యలో ముక్క ఏది?"

"ఏ ముక్క?"

"మందు తాగే ముక్క. పన్నెండు సెకన్లు."

గస్ పెట్రాకిస్ చెయ్యి మెషిను మీద నిలిచిపోయింది. తీసేసిన ముక్క ఉందని సినిమా పిచ్చి ఉన్నవాళ్ళకు తెలియవచ్చు. అది పన్నెండు సెకన్లని లెక్క చెప్పగలిగేది ఒకే ఒక్క ఇంటివాళ్ళు.  పిల్లలు నవ్వి నవ్వి అలసిపోయి, తల్లులు వచ్చి తీసుకుపోయేదాకా ఆగాడు. తర్వాత వరండాలోకి వచ్చి, కళ్ళద్దాలు తుడుచుకుని, ఆమెను కిందికీ పైకీ చూశాడు.

"ఆర్విడ్ కూతురివి నువ్వు."

"అవునంకుల్."

"మీ నాన్న గీసిన బొమ్మల మధ్య వచ్చే బొమ్మలు గీసేవాణ్ణి. ఆదివారాలు మీ ఇంట్లోనే తిండి. నిన్ను భుజం మీద కూర్చోబెట్టుకుంటే నా జుట్టు పీకేదానివి. చూడు, పీకిన చోట మళ్ళీ మొలవలేదు." బట్టతల చూపించి నవ్వబోయి, నవ్వలేకపోయాడు. "వెర్నా ఎలా ఉంది?"

"బయట కారులో ఉంది."

"లోపలికి రాదా?"

"రాదు."

"ఇంకా నా మీద కోపమేనా?"

"మీ ఒక్కరి మీదే కాదంకుల్. మొత్తం స్టూడియో మీద."

"అయితే నయమే. వంద మందిమి పంచుకుంటే నా వాటాకి కొంచెమే వస్తుంది."

నోరీన్‌కు నవ్వు రాలేదు. "మీ ఫిల్ములోనూ లేదంటే ఇక ఎక్కడా లేనట్టేనా? నేను మా నాన్న మొహం కదలడం ఒక్కసారి చూద్దామని వచ్చాను. నాకింకేం వద్దు," అంది.

"ఫిల్ము లేదు. ఇది టీవీవాళ్ళు పారేసిందే, ఏరుకొచ్చాను." గస్ ఆమెకు దగ్గరగా వచ్చాడు. "కానీ కాగితాలున్నాయి."

రంగు బొమ్మలేసిన గాజులాంటి పలుచటి రేకులను స్టూడియోలో ఎప్పటికప్పుడు కడిగేసి తర్వాతి సినిమాకు వాడుకునేవారు. పెన్సిలు బొమ్మలను మాత్రం అటకల మీద పడేసేవారు. స్టూడియో మూసినరోజు వాటిని లారీలకెత్తి చెత్తలో పోస్తుంటే, గస్ చేతులకు పట్టినంత తెచ్చుకున్నాడు. అన్నిటికంటే ముందు వెతికి తీసింది ఆ పన్నెండు సెకన్ల కట్టే.

వాటిని చూడడానికి గస్ ఇంటికి వెళ్దామని ఇద్దరూ కారు దగ్గరికొచ్చారు. వెర్నా కిటికీలోంచి తల పెట్టి గస్‌ను చూసింది. ఇరవై నాలుగేళ్ళ తర్వాత చూడడం.

"లావయ్యావు," అంది.

"నువ్వేం తగ్గలేదు," అన్నాడు గస్.

"ఎక్కితే ఎక్కు. కాళ్ళు దులుపుకుని ఎక్కు, నిన్ననే కడిగించాను."

గస్ నోరీన్ వైపు చూశాడు, నోరీన్ గస్ వైపు చూసింది. ఇద్దరూ ఒక్కసారే పక్కున నవ్వారు. కోడి మాటలు ఎవరి ఇంట్లోంచి స్టూడియోకు వెళ్ళాయో ఆమెకు ఆ క్షణాన తెలిసింది. వెర్నాకు మాత్రం ఆ నవ్వెందుకో అర్థం కాలేదు. "ఏమొచ్చింది మీకు?" అని కసురుకుని బండి కదిలించింది.

గస్ ఇల్లు నాలుగు వీధుల అవతలే. భార్య పోయాక ఒక్కడే ఉంటున్నాడు. భోజనాల గది నిండా అట్టపెట్టెలే, తినడానికి చోటు లేదు. "నేను వంటింట్లో ఉంటాను, కాఫీ కాచుకుంటాను. నన్ను పిలవద్దు," అని వెర్నా వెళ్ళిపోయింది. గస్ తాను చేతులు కడుక్కుని, నోరీన్ చేత కూడా కడిగించి, తుడిపించి, అప్పుడు పెట్టె తెరిచాడు.

అరచేయి మందం కూడా లేని కట్ట. అంచున మేకులకు తగిలించే చిల్లులు. కాగితాలు పసుపుపచ్చబడ్డాయి గాని పెన్సిలు గీత నిన్న గీసినంత నల్లగా ఉంది.

"నూట నలభై నాలుగు. మూలన అంకెకు సున్నా చుట్టినవి మీ నాన్నవి. మిగతావి వాటి మధ్యలో నేను అతుకులేసినవి. మంచిగా ఉన్నవన్నీ ఆయనవనుకో, నేనేం అనుకోను," అన్నాడు గస్. చిల్లుల వైపు గట్టిగా పట్టుకుని, రెండో వైపు వంచి, బొటనవేలితో ఒక్కొక్కటిగా వదిలాడు. కాగితాలు ఫరఫరమంటూ పడ్డాయి.

ఉడత కదిలింది.

గుటక వేసింది. రెండు బుగ్గలూ ఉబ్బాయి. మింగలేక, ఉమ్మలేక, క్షణంసేపు అలాగే ఉండిపోయింది. కింది పెదవి వణకడం మొదలుపెట్టింది. తర్వాత కళ్ళు, మొదట ఒకటి, ఆ వెనక రెండోది, గట్టిగా మూసుకుపోయాయి. మొహమంతా ముక్కు దగ్గరికి ముడుచుకుపోయింది. నాలుక మొత్తం బయటికొచ్చింది, దాన్ని తన కోటు చేతికే తుడుచుకుంది. ఆ ముడుతల్లోంచి జుట్టు మొలిచి, కోరలు పుట్టి, రాక్షసుడు లేచాడు.

"ఇంకోసారి," అంది నోరీన్. గస్ మళ్ళీ తిప్పాడు. ఆమె మళ్ళీ అడిగింది, అతను మళ్ళీ తిప్పాడు. నాలుగోసారికి ఆమె ఏమీ అడగలేదు.

ఫోటోల్లో నాన్నది పొడుగు మొహం, కోసు గడ్డం, లోతు బుగ్గలు. ఈ ఉబ్బు బుగ్గలు, ఈ ముడత ముక్కు ఆ మనిషివి కావు. పద్దెనిమిదేళ్ళుగా వెతికి వెతికి పట్టుకుంటే, పట్టుకున్నది ఎవర్నో. ఆమెకు దుఃఖం కంటే ముందు సిగ్గు వేసింది, ఇన్నాళ్ళు ఎంత వెర్రిగా తిరిగానా అని.

"ఇది మా నాన్న కాదంకుల్," అంది.

"కాదు."

"మరి అద్దం? అందరూ అద్దంలో చూసే గీస్తారు కదా? అమ్మ అలాగే చెప్పింది."

"అందరం అంతే. మీ నాన్నా అంతే. ఈ ఒక్క సీనుకు మాత్రం అద్దాన్ని గోడవైపు తిప్పి పెట్టేశాడు. నెల్లాళ్ళు దాని మొహం చూడలేదు." గస్ కట్టలోంచి ఒక కాగితం మెల్లగా లాగాడు. సున్నా చుట్టిన అంకె. బొమ్మ పక్కన, వాలుగా, చిన్న అక్షరాలు. "చదువు. నాకు రాసింది."

నోరీన్ నాన్న చేతిరాత చూడడం అదే మొదలు. వంగి చదివింది. 'గస్, ముందు పెదవి వణకాలి. కళ్ళు ఆ తర్వాతే. తొందరపడకు. పిల్ల అలాగే చేస్తుంది.'

"ఏ పిల్ల?" అంది.

గస్ ఆమె వెనకకు చూశాడు. గుమ్మంలో వెర్నా కాఫీ కప్పు పట్టుకుని నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో, ఎంతసేపటి నుంచి చూస్తోందో.

"మళ్ళీ తిప్పు," అంది వెర్నా.

గస్ తిప్పాడు. బుగ్గలు ఉబ్బాయి, పెదవి వణికింది, కళ్ళు మూసుకున్నాయి, నాలుక బయటికొచ్చింది. వెర్నా కప్పు తీసుకెళ్ళి ఒక అట్టపెట్టె మీద పెట్టింది. సగం కాఫీ ఒలికినా చూసుకోలేదు.

"ఆముదం," అంది.

"ఏంటమ్మా?"

"ఆముదం తాగే మొహమే అది. నీదే. నీకప్పుడు మూడేళ్ళు. ఆ ఏడు వేసవికి ముందంతా నీ కడుపు బాగుండేది కాదు. వారం వారం పట్టేదాన్ని. రెండు చేతులూ నేను పట్టుకుంటే ముక్కెవరు ముయ్యాలి? 'ఓ చెయ్యి వెయ్యి ఆర్విడ్' అంటే మీ నాన్న కుర్చీ లాక్కుని నీ ఎదురుగా కూర్చున్నాడు. చేతిలో పెన్సిలు! నువ్వేమో గుక్కపట్టి ఏడుపు. నాలుక నా గౌనుకే తుడిచేదానివి."

"సోమవారం ఆ కాగితాలన్నీ తెచ్చి మా బల్లల మీద పరిచేవాడు," అన్నాడు గస్. "నీ ఆముదం మొహం మా గదిలో అందరికీ కంఠతా వచ్చు, పిల్లా. మీ అమ్మ ఎప్పుడో చెప్పి ఉంటుందిలే అనుకున్నాను."

"నాకేం తెలుసు?" వెర్నా గొంతు పెద్దదైంది. "నేను చెంచా చూస్తున్నానా, ఆయన గీతలు చూస్తున్నానా? నేను... నేను తిట్టాను గస్. బిడ్డ అలా ఏడుస్తుంటే బొమ్మలేంటి, అసలు మనిషివేనా అన్నాను. చెంచా విసిరికొట్టాను. స్టూడియో పని ఇంట్లోకి కూడా తెచ్చాడని రెండ్రోజులు మాట్లాడలేదు."

నోరీన్ కాగితాన్ని పట్టుకునే ఉంది. నాన్న ఎలా ఉండేవాడో ఆమెకు ఇంకా తెలియదు, ఇక తెలిసే దారి కూడా లేదు. కానీ ఈ కట్టలో ఆయన వారాల తరబడి కదలకుండా కూర్చుని, కళ్ళు తిప్పకుండా తనవైపే చూస్తున్నాడు. ఏ కన్ను ముందు మూసుకుంటుందో కూడా లెక్కపెట్టుకున్నాడు. తనను అంత ఇదిగా చూసిన మనిషి ఆ తర్వాత ఎవరూ లేరు.

"నువ్వు తిడితే ఏమన్నాడమ్మా?" అంది.

వెర్నా కుర్చీ మీది పెట్టె దించి కూర్చుంది. చేతిరుమాలు కోసం వెతుక్కుంది. అది కూతురి దగ్గరే ఉంది. మోచేత్తో కళ్ళు తుడుచుకుంది.

"'ఒక్క నిమిషం ఓర్చుకో వెర్నా,' అన్నాడు. 'పెద్దదైతే ఈ మొహం దీనికి ఉండదు' అన్నాడు."

 నోరీన్ ఏదో అనబోయింది.  కింది పెదవి వణికింది. ఆపుకోవాలని చూసింది, ఆగలేదు. ఆ తర్వాత ఒక కన్ను, దాని వెనక రెండోది, గట్టిగా మూసుకుపోయాయి.

వెర్నా కూతురి మొహంలోకి చూస్తూ ఉండిపోయింది.

"ఉంది ఆర్విడ్," అంది. "అలాగే ఉంది."